నేను చూడని మ్యూనిక్

"మీరు మ్యూనిక్ వెళ్లొచ్చారటగా" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వెళ్లొచ్చింది మా ఆయన. నేను ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో ఒక ఆరెంజ్ రంగు ప్లాస్టిక్ కుర్చీ చూసొచ్చాను.

ఎనభైల మొదట్లో సంగతి. అప్పుడు మేం డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండేవాళ్లం. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు, బ్రేకుల డిపార్ట్‌మెంటు. నేను విశాఖలో మైక్రోబయాలజీ చదువుకుని, పెళ్లయి అమెరికా వచ్చాక ఇక్కడి పరీక్షలు రాసి, ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో చేరాను. పాపకి నాలుగేళ్లు. ఆయన నాకంటే చాలా ముందొచ్చారు కాబట్టి ఆయనకి సిటిజన్‌షిప్ వచ్చేసింది. నాది ఇంకా గ్రీన్ కార్డూ ఇండియా పాస్‌పోర్టూనే. ఈ తేడా నాకు ఎప్పుడూ పట్టలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే కారెక్కుతున్నాం, ఒకే గ్రోసరీ స్టోర్‌లో పాలు కొంటున్నాం. ఇంకేం కావాలి?

పెళ్లయిన దగ్గర్నుంచి సెలవంటూ మేం వెళ్లింది రెండే చోట్లకి. ఒకటి ఇండియా, రెండోది నయాగరా. ఇండియా నుంచి ఎవరు దిగినా నయాగరా చూపించాలి. మా అత్తగారి చెల్లెలి కొడుకు వచ్చినా నయాగరానే, ఆయన కాలేజీ స్నేహితుడు వచ్చినా నయాగరానే. వెనక సీట్లో పులుసన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని అన్ని గంటలు కూర్చోవడం, ఆ తుంపర్లలో తడవడం, అదే రెయిలింగ్ దగ్గర నిలబెట్టి అదే ఫోటో తీయడం. నాకు ఆ జలపాతం మీదే కోపం వచ్చే స్థితికి చేరాను.

ల్యాబ్‌లో నా పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ పనిచేసేది. చిన్నప్పుడే జర్మనీ నుంచి వచ్చేసిన మనిషి. లంచ్‌లో శాండ్‌విచ్ తింటూ తను పుట్టిన ఊరి గురించి చెప్పేది. చలికాలంలో వీధి మూలల్లో చెస్ట్‌నట్ కాయలు నిప్పుల మీద కాల్చి వేడివేడిగా కాగితం పొట్లాల్లో పోసిస్తారట. ఊరి నడిబొడ్డున పెద్ద మేడ, దాని మీద గడియారం, గంట కొట్టగానే మనిషంతేసి బొమ్మలు బయటికొచ్చి గుండ్రంగా నాట్యం చేస్తాయట. కింద మంచులో నిలబడి జనం తలలెత్తి చూస్తుంటారట. ఆవిడ ఊరు మ్యూనిక్.

అది నా మనసులో పడిపోయింది. పెద్ద కోరికేం కాదు. మంచులో ఆయన చెయ్యి పట్టుకుని నడవాలి, ఆ కాయలు తినాలి, తలెత్తి ఆ బొమ్మలు చూడాలి. ఫిబ్రవరిలో లాంగ్ వీకెండ్‌కి రెండు రోజులు కలుపుకుని వెళ్లొద్దాం అని ఆయనతో అన్నాను. చలికాలం టికెట్లు దొరకడమూ తేలికే. ముందు "ఈ చలి చాలదా, ఇంకో చలికి వెళ్లాలా?" అన్నారు. తర్వాత ఆ ఊళ్లో యంత్రాల మ్యూజియం ఒకటుందని, పాత ఇంజన్లూ విమానాలూ గనులూ అన్నీ అందులో ఉన్నాయని ఎక్కడో చదివారు. ఇక నాకంటే ఆయనకే తొందర ఎక్కువైంది.

పాపని డాక్టరక్క దగ్గర వదిలాం. మా వీధి చివర ఉండే పిల్లల డాక్టరు ఆవిడ, గుంటూరు వైపు వాళ్లు. నాకంటే పెద్దది కాబట్టి నేను అక్కా అనేదాన్ని, మిగతా తెలుగువాళ్లందరికీ డాక్టరక్కే. మా పాప మాత్రం ఆంటీ అనేది. "పాప సంగతి మర్చిపో. ఒక్కసారైనా మొగుడూ పెళ్లాల్లాగా తిరిగి రండి" అంది ఆవిడ. నేను మెరూన్ రంగు బూట్లు కొనుక్కున్నాను, లోపల ఉన్ని ఉన్నవి.

ఒక్క మాట మాత్రం అడిగాను. "ఏవండీ, నాకు వీసా అక్కర్లేదా?"

"గ్రీన్ కార్డుందిగా. ట్రావెల్ ఏజెంట్‌ని కనుక్కున్నాను. ఏం అక్కర్లేదంది."

సూట్‌కేస్ సర్దుతూ మళ్లీ అడిగాను. "నాది ఇండియా పాస్‌పోర్టు కదా, గట్టిగా కనుక్కున్నారా?" ఆయన విసుక్కున్నారు. "నీకు ప్రతిదానికీ భయమే. చెప్పానుగా." సరే అని ఇద్దరి బట్టలూ ఒకే సూట్‌కేస్‌లో సర్దాను. దారిలో తినడానికి పులిహోర చేసి డబ్బాలో పెట్టుకున్నాను.

న్యూయార్క్‌లో మారి, రాత్రంతా ప్రయాణం చేసి, పొద్దున్నే ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాం. అక్కడ పాస్‌పోర్టులు చూపించి, మ్యూనిక్ వెళ్లే చిన్న విమానం ఎక్కాలి. ఆయనది చూసి ఆఫీసరు ఒక్క క్షణంలో ముద్ర వేసిచ్చేశాడు. నాది తీసుకుని పేజీలు తిప్పాడు. వెనక నుంచి ముందుకి ఇంకోసారి తిప్పాడు.

"వీసా ఎక్కడ?"

గ్రీన్ కార్డు చూపించాను. "అది అమెరికాకి పనికొస్తుంది మేడమ్, ఇక్కడికి కాదు. మీ దేశం వాళ్లకి ఇప్పుడు వీసా కావాలి" అన్నాడు. గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. పక్కనున్న ఇంకో ఆఫీసర్‌ని పిలిచాడు. మమ్మల్ని లైన్‌లోంచి పక్కకి తీశారు. మా వెనక నిలబడ్డవాళ్లందరూ నన్ను ఏదో దొంగతనం చేసి పట్టుబడ్డదాన్ని చూసినట్టు చూశారు.

మా ఆయన ఇంజనీరు కాబట్టి లాజిక్‌తో వాదించారు. ఈవిడ నా భార్య, నేను అమెరికన్‌ని, వెనక్కి వెళ్లే టికెట్టుంది, కొద్ది రోజుల్లో పోతాం. వాళ్లు తలూపుతూ అంతా విన్నారు. విని, ఈవిడ లోపలికి రావడానికి లేదు, రేపటి విమానంలో వెనక్కి పంపిస్తాం, అప్పటిదాకా ట్రాన్సిట్ హాల్లో ఉండాలి అన్నారు.

"మీరు వెళ్లొచ్చు సార్. మీకేం ఇబ్బంది లేదు" అని ఆయనతో అన్నారు.

ఆ మాట విన్నాక ఆయన "అదెలా కుదురుతుంది?" అనలేదు. చేతి వాచీ చూసుకున్నారు.

నన్ను పక్కకి తీసుకెళ్లి మెల్లగా మొదలుపెట్టారు. "చూడు, అన్నీ బుక్ చేసేశాం. హోటలు, రిటర్న్ టికెట్టు, అన్నీ. నువ్వు రేపు పొద్దున్న వెళ్లిపోతావు. ఇప్పుడు నేను కూడా ఇక్కడ కూర్చుని చేసేదేముంది చెప్పు?"

నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "అంటే?" అన్నాను.

"అంటే ఇద్దరిదీ పాడవడం ఎందుకు అంటున్నాను. ఒకళ్లమైనా చూస్తే..." అని ఆగి, "మ్యూనిక్‌లో మన కాన్సులేట్ ఏదైనా ఉందేమో కనుక్కుంటాలే. ఏదో ఒకటి చేస్తాను" అన్నారు.

"మీరు వెళ్తారా?"

"కనెక్షన్ మిస్సయిపోతుందే."

ఆ ఆఫీసర్ల ముందు, ఆ కొత్త మనుషుల ముందు ఏడవకూడదని పళ్లు బిగబట్టి నిలబడ్డాను. దాన్ని ఆయన ఒప్పుకోలు అనుకున్నారు. ఆయన మొహంలో బరువు దిగినట్టు కనబడింది. పులిహోర డబ్బా తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది నువ్వే ఉంచుకో. నాకు అక్కడ ఏదో ఒకటి దొరుకుతుంది."

అది త్యాగం అనుకున్నారు. దేవుడి సాక్షిగా ఆయన దాన్ని త్యాగం అనుకున్నారు.

సూట్‌కేస్ ఎలాగూ మ్యూనిక్‌కి ట్యాగ్ చేసి ఉంది. అందులోనే నా స్వెట్టర్లు, నా చీరలు, నా దువ్వెన, పళ్లు తోముకునే బ్రష్. అన్నీ ఆయనతో వెళ్లాయి. నా చేతికి మిగిలినవి హ్యాండ్‌బ్యాగు, కోటు, ఆ డబ్బా. కాళ్లకి మెరూన్ బూట్లు.

ట్రాన్సిట్ హాల్లో ఒక మూల పోలీసు గది పక్కన కూర్చోబెట్టారు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. గాజు గోడ అవతల రన్‌వే, దాని మీద మంచు, మంచు ఊడ్చే పసుపు బళ్లు. ట్రాయ్‌లో మా కిటికీలోంచి చూసినా అదే మంచు, అవే బళ్లు. దీనికోసం సముద్రం దాటొచ్చానా అనుకున్నాను. మొదటి కాసేపూ ఆయన తిరిగొస్తారనుకున్నాను. చిన్నపిల్లలా తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను. విమానం ఎక్కే ముందైనా మనసు మారుతుంది, "ఎలా వెళ్తాన్లే" అంటూ వచ్చి పక్కన కూలబడతారు, నేను కోపం తెచ్చుకున్నట్టు నటిస్తాను, ఇద్దరం పులిహోర తింటాం. ఇంతవరకూ ఊహించుకున్నాను. మ్యూనిక్ విమానం వెళ్లిపోయిందని బోర్డు మీద అక్షరాలు మారాక తలుపు వంక చూడడం మానేశాను.

ఆ ఊహ కట్టుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నానికి నా పక్క కుర్చీలో ఒక ఇరానీ ఆవిడని తెచ్చి కూర్చోబెట్టారు. యాభై ఏళ్లుంటాయి, తలకి స్కార్ఫు, చేతిలో రెండు సంచులు. ఆవిడకీ ఏదో కాగితం తక్కువైందట. నాకొచ్చిన ఇంగ్లీషులో పదో వంతు కూడా ఆవిడకి రాదు. డబ్బా మూత తీసి ఇస్తే పులిహోర వాసన చూసి, చేత్తో కొంచెం తీసుకుని, కారానికి కళ్లు పెద్దవి చేసి నవ్వింది. తన సంచిలోంచి పిస్తాపప్పు తీసి నా ఒళ్లో పోసింది. కాసేపాగి నా మెడలో నల్లపూసలు చూపించి, "హస్బెండ్?" అని అడిగింది.

"నో హస్బెండ్" అన్నాను.

ఆవిడ ముందు జాలిగా నాలుక చప్పరించింది. తర్వాత నా మొహం వంక పరీక్షగా చూసింది. ఏం కనబడిందో ఏమో, నా మోకాలి మీద రెండుసార్లు తట్టి ఇంకేం అడగలేదు. సాయంత్రం ఆవిడని వేరే విమానానికి తీసుకెళ్లారు. వెళ్తూ తన శాలువా ఒకటి నా భుజాల మీద కప్పి, వద్దన్నా వినకుండా పోయింది. పేరు కూడా తెలియని మనిషి. ఆ రాత్రి దాన్నే కప్పుకుని ఆ కుర్చీలోనే గడిపాను.

మర్నాడు విమానం మెట్ల దాకా ఒక పోలీసు వెంట వచ్చి, నా పాస్‌పోర్టు ఎయిర్‌హోస్టెస్ చేతికిచ్చి వెళ్లాడు. న్యూయార్క్‌లో ఇమిగ్రేషన్ అతను గ్రీన్ కార్డు చూసి, "అప్పుడే వచ్చేశారే, జర్మనీ నచ్చలేదా?" అని జోకేశాడు. నేను నవ్వలేదు.

డెట్రాయిట్‌లో దిగాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. మా కారు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లోనే ఉంది. తాళాలు ఆయన కోటు జేబులో, మ్యూనిక్‌లో. ఇంటి తాళం కూడా ఆ గుత్తిలోనే. పే ఫోన్ దగ్గరికెళ్లి డాక్టరక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, నేను వచ్చేశాను. కాస్త తీసుకెళ్తావా?"

"వచ్చేశావా? ఏమైంది? ఒంట్లో బాలేదా? ఆయనేరీ?"

"ఊరు చూస్తున్నారు."

"కదలకు. అక్కడే ఉండు" అని ఫోన్ పెట్టేసింది.

పాపని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చింది. పాప నా మెడ పట్టుకుని వదల్లేదు. దారిలో అంతా చెప్పాను. ఆవిడ వింటూ డ్రైవ్ చేస్తూ, కథ పులిహోర డబ్బా దగ్గరికొచ్చేసరికి హైవే పక్కన కారాపేసింది. స్టీరింగ్ మీద నుదురు ఆనించింది. ఏడుస్తోందనుకున్నాను. తలెత్తి, "వాణ్ణి చంపెయ్యాలి" అంది తెలుగులో, మా పాప వింటుండగా. అప్పుడు ఏడ్చింది నేను.

వాళ్లాయన మాత్రం, ఆయనా డాక్టరే, భోజనాల దగ్గర పెరుగు కలుపుకుంటూ, "ప్రాక్టికల్‌గా చూస్తే అతను చేసింది తప్పేం కాదమ్మా. అక్కడ కూర్చున్నా ఉపయోగం లేదు కదా" అన్నాడు. డాక్టరక్క చేతిలో మజ్జిగ గ్లాసు టేబుల్ మీద ఎంత గట్టిగా పెట్టిందంటే సగం ఒలికిపోయింది.

ఆయన ఒకసారి ఫోన్ చేశారు. నేను ఎక్కడుంటానో ఊహించి డాక్టరక్క ఇంటికే చేశారు. "క్షేమంగా చేరావా? హమ్మయ్య. ఇక్కడ మంచు ఎంత బావుందనుకున్నావు! ఆ మ్యూజియంలో ఒక రోజు చాలలేదు, రేపు మళ్లీ వెళ్తాను. నువ్వు చెప్పిన బొమ్మల గడియారం కూడా చూశాను. అంత గొప్పగా ఏం లేదులే."

అంత గొప్పగా ఏం లేదట. నన్ను ఓదార్చడానికే అన్నారని నాకు తెలుసు. తెలిసినా ఆ రిసీవరు గోడకేసి కొట్టాలనిపించింది.

ఆయన రాకముందే ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేశాను. ఎవరో అమెరికన్ అమ్మాయి. ముందు కంగారుపడింది. ఆ తర్వాత, "ఐ యామ్ సారీ, కానీ మీవారు ఇద్దరూ సిటిజన్లే అన్నారు కదా?" అంది. నేను మళ్లీ చెప్పించుకున్నాను. "అవును. అమెరికన్ పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేదుగా అని అడిగారు. అక్కర్లేదన్నాను."

అబద్ధం చెప్పలేదు ఆయన. ఆయనకి గుర్తు లేదు, అంతే. రెండుసార్లు నేను నోరు తెరిచి అడిగినా, నా పాస్‌పోర్టు ఏ రంగుదో ఆ మనిషి తలలోకి ఎక్కలేదు. ఆయన బుర్రలో నేనెక్కడో ఆయన టికెట్టులోనే కలిసి ఉన్నాను. అబద్ధమైతే ఇంత కోపం వచ్చేది కాదేమో. అబద్ధం చెప్పడానికైనా అవతల ఒక మనిషి ఉందని గుర్తుండాలి.

తిరిగొచ్చినప్పుడు ఆయన చాలా ఉత్సాహంగా ఉన్నారు. పాపకి చెక్కబొమ్మ తెచ్చారు. నాకు పెద్ద అట్టల పుస్తకం, మ్యూనిక్ రంగుల ఫోటోలతో. "ఇది తిరగేస్తే నువ్వూ చూసినట్టే" అన్నారు. నేను దాన్ని తీసుకెళ్లి గరాజ్‌లో మంచు తవ్వే పారల పక్కన పడేశాను. ఆయనకి కనిపించింది కూడా. "నీకింకా ఆ కోపం పోలేదా? రూల్ వాళ్లది. నేనేం చేస్తాను?" అన్నారు. వాళ్ల రూల్ మీద నాకున్న కోపం వేరే. ఆ రూల్ నేనెవరో తెలియనివాళ్లు పెట్టింది. ఆ మాట అప్పుడు చెప్పలేకపోయాను. చాలారోజులు ఇంట్లో పాప ద్వారానే మాట్లాడుకున్నాం. "నాన్నని అన్నానికి రమ్మను." "అమ్మని నా బ్లూ షర్టు ఎక్కడుందో అడుగు."

ఉగాదికి మా ఇంట్లో నాలుగైదు తెలుగు కుటుంబాలు కలిశాయి. పచ్చడికి వేపపువ్వు దొరక్క మెంతులు వేశాం. భోజనాలయ్యాక అందరూ బేస్‌మెంట్‌లోకి దిగారు. ఆయన ఎప్పుడు తగిలించారో, గోడకి తెల్ల దుప్పటి, బల్ల మీద స్లయిడ్ ప్రొజెక్టరు. లైటు తీసేశారు. గుండ్రటి ట్రే టకటకా తిరుగుతూ ఉంటే ఒక్కొక్కటే వస్తున్నాయి. మంచు కప్పిన చర్చి గోపురాలు. గడ్డకట్టిన చెరువు మీద స్కేటింగ్ చేస్తున్న పిల్లలు. పాత విమానాలు. ఒక ఇంజను ముందు మా ఆయన. ఇంకో ఇంజను ముందు మా ఆయన. చేతిలో కాగితం పొట్లం పట్టుకుని మా ఆయన.

అన్నీ వివరంగా చెబుతున్నారు. "ఇక్కడ మాకు కాఫీ చాలా బావుంది." "ఇక్కడి నుంచి మేం ట్రామ్ ఎక్కాం." మాకు, మేం. నేను వెనక మెట్ల మీద కూర్చుని వింటున్నాను.

ముందు వరసలోంచి ఒకావిడ, పాపం మంచి మనసుతోనే, వెనక్కి తిరిగి అడిగింది. "ఏమ్మా, ఒక్కదాంట్లోనూ నువ్వు లేవేం?"

నేను నోరు తెరిచేలోపు ఆయన నవ్వుతూ అన్నారు. "కెమెరా ఆవిడ చేతిలోనే ఉంది కదండీ. ఫోటోలన్నీ ఆవిడే తీసింది."

చీకట్లో ఎవరో కిసుక్కుమని నవ్వారు. డాక్టరక్క వాళ్లాయన. ఆయనకి అంతా తెలుసు. ఆ నవ్వుతో నాకు ఇంకేదీ గుర్తు లేదు, పండగా లేదు, వచ్చినవాళ్లూ లేరు. లేచి లైటు వేశాను.

"ఈ ఫోటోలు నేను తీయలేదు. నేను ఆ ఊరికి వెళ్లలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వీసా లేదని నన్ను ఆపేస్తే, నన్ను పోలీసు గది పక్కన కూర్చోబెట్టి, ఈయన ఊరు చూడ్డానికి వెళ్లారు. మర్నాడు నేను ఒక్కదాన్నే వెనక్కి వచ్చాను. మీరు చూస్తున్న కాఫీ నేను తాగలేదు."

దుప్పటి మీద వెలిసిపోయినట్టు ఆ గడియారం మేడ. మగవాళ్లు కార్పెట్ వంక చూస్తున్నారు. ఒకాయన గొంతు సవరించుకుని, "పోన్లే అమ్మా, జరిగిపోయింది. ఇంట్లో విషయాలు నలుగురిలో ఎందుకు" అన్నాడు.

"నలుగురిలో మొదలుపెట్టింది నేను కాదండీ" అన్నాను.

అప్పుడు గోడవార కూర్చున్న ఒకమ్మాయి, కొత్తగా పెళ్లయి వచ్చి నాలుగు నెలలైనా కాలేదు, అంతవరకూ పెదవి విప్పనిది, చిన్నగా అడిగింది. "అక్కా, వెళ్తూ ఆయన వెనక్కి తిరిగి చూశారా?"

"చూశారు. చెయ్యి ఊపారు. కెమెరా సంచి భుజం మీద సర్దుకుని వెళ్లారు."

ఆ అమ్మాయి తన మొగుడి వైపు తిరిగింది. అతను ఆమె కళ్లలోకి చూడలేదు.

అందరూ త్వరగానే వెళ్లిపోయారు. పాపని పడుకోబెట్టి వంటింట్లోకి వచ్చేసరికి ఆయన సింక్ దగ్గర నిలబడి ఉన్నారు, మొహం కందిపోయి.

"అందరి ముందూ నా పరువు తీశావు."

"నువ్వు నన్ను వదిలేసి వెళ్లావు" అన్నాను.

నువ్వు అన్నాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన్ని మీరు తప్ప ఇంకో మాట అనలేదు. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"సరే, నువ్వయితే ఏం చేసేదానివి?" నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. అదే నన్ను ఇంకా మండించింది. "నాకు వీసా లేకపోయుంటే, నీకుంటే, నువ్వేం చేసేదానివి? చెప్పు."

"నీ పక్కన కూర్చునేదాన్ని."

"కూర్చుని?"

"కూర్చునేదాన్ని. అంతే."

ఆయన చాలాసేపు ఆలోచించారు. బ్రేకుల లెక్క తేలనప్పుడు కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నట్టు, టేబుల్ మీద వేలితో గీస్తూ కూర్చున్నారు. చివరికి, "దానివల్ల ఏం ఒరిగేది?" అన్నారు. గిన్నెలు అలాగే వదిలేసి పాప గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

ఆ తర్వాత మేం విడిపోయామనుకోకండి. విడిపోలేదు. ఉద్యోగాలు చేసుకున్నాం, పాపని పెంచుకున్నాం, అతను నా టైరు మార్చాడు, నేను అతని జ్వరానికి కషాయం పెట్టాను. ఇంట్లో ఇద్దరమే ఉంటే నువ్వు అనడం నాకు అలవాటైపోయింది, నలుగురిలో మాత్రం మీరు అనేదాన్ని. ప్రయాణాల బుకింగ్ అంతా నేను తీసుకున్నాను. టికెట్టు సంగతి వస్తే అతను పక్క గదిలోకి పోయేవాడు. సిటిజన్‌షిప్ నాకూ వచ్చింది. మ్యూనిక్ వెళ్దామా అని అతను ఒకసారి అడిగాడు. నీతో రాను అన్నాను. అలిగి అన్న మాట కాదది. రాను కాబట్టి రానన్నాను.

ఎనభైల చివర్లో, కొత్తగా ట్రాయ్ వచ్చిన రెండు జంటలని భోజనానికి పిలిచాం. నేను వంటింట్లో వడలు వేస్తున్నాను. హాల్లో ప్రయాణాల కబుర్లు. యూరప్ మాట వచ్చింది. మా ఆయన గొంతు వినబడింది. "అబ్బో, మా మ్యూనిక్ కథ పెద్దదండీ. ఆవిడకి వీసా లేదని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆపేశారు. నేను ఊరంతా తిరిగి, కాన్సులేట్ చుట్టూ ప్రదక్షిణాలు చేసి, ఎంత పోరాడానో! చివరికి ఏమీ కాలేదు."

ఏ కాన్సులేటు? నాకు తెలిసి అతను తిరిగింది ఇంజన్ల చుట్టూ. ఇన్నేళ్లలో ఆ కథ అతని లోపల అలా మారిపోయిందన్నమాట. పొయ్యి కట్టేశాను. చేతికి పిండి ఉండగానే హాల్లోకి వచ్చి నిలబడ్డాను.

"మళ్లీ చెప్పండి. మొదట్నించీ" అన్నాను.

వచ్చినవాళ్లు నవ్వబోయి ఆగిపోయారు. అతను నన్ను చూశాడు. జుట్టు నెరవడం మొదలైంది అప్పటికే. ఏదో హాస్యంగా అనబోయి మానేశాడు. నేను కదల్లేదు. అవసరమైతే మళ్లీ నేనే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. నాకు ఒక్క అక్షరం కూడా మరుపు రాలేదు.

"నేను..." అన్నాడు. కళ్లజోడు తీసి లాల్చీతో తుడుచుకున్నాడు. "నేను కాన్సులేట్‌కి వెళ్లలేదు. ఆవిడ్ని అక్కడ వదిలేసి, నేను ఊరు చూడ్డానికి వెళ్లిపోయాను."

అతని నోటితో ఆ మాట రావడం అదే మొదలు. సారీ అనలేదు, నేనూ అడగలేదు. ఆ జంటలకి ఏం మాట్లాడాలో తెలియక సాంబారు బావుందన్నారు, ఇంకా వడ్డించనేలేదు. నా కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. కానీ మా ఇంట్లో ఆ కథ ఆ రోజు నుంచి ఒక్కలాగే ఉంది. అడిగితే అతనూ అలాగే చెబుతాడు, నేనూ అలాగే చెబుతాను.